పచ్చ అంటే ఏ పచ్చ?



క్రిందటేడు ఒక గ్రామసభలో పురుగుమందుల గురించి మాట్లాడుతూ, "పచ్చ గుర్తున్న మందులో విషం తక్కువ" అన్నాను. వారం తిరక్కుండానే ఒక పత్తిచేలో కూలిమనిషి ఉత్తచేత్తో మందు కలుపుతూ కనిపించాడు. "ఇదేమిటన్నా?" అంటే, "పచ్చ గుర్తు మందే గదా సారూ, మీరే చెప్తిరి" అన్నాడు. డబ్బా తీసి చూద్దును గదా, దానిమీద ఉన్నది పసుపు గుర్తు! వెంటనే సబ్బుతో చేతులు కడిగించాను.

తప్పు అతనిది కాదు. పచ్చకామెర్లు అన్నప్పుడు పచ్చ అంటే పసుపే గదా! తనకు తెలిసిన అర్థమే అతడు తీసుకున్నాడు. విడమరచి చెప్పనిది నేను.

అందుచేత ఇప్పుడు విడమరచి చెబుతాను. డబ్బామీద, మూలమీద నిలబెట్టిన చదరం ఒకటి ఉంటుంది. దాని క్రిందిసగం రంగు చూడండి. ఎరుపైతే అతి తీవ్రమైన విషం. పైన పుర్రె, ఎముకల బొమ్మ కూడా ఉంటుంది. పసుపుకొమ్ము రంగైతే తీవ్రమైన విషం. నీలమైతే మధ్యరకం. వేపాకు రంగైతే తక్కువ విషం. తక్కువంటే అసలు లేదని కాదు. ఏ రంగైనా సరే, చేతితొడుగులు వేసుకుని కర్రతోనే కలపండి. గాలికి ఎదురునిలిచి కొట్టకండి.

తోటి విస్తరణ ఉద్యోగులకు ఒక మనవి. మందు కొనేది ఆసామి, కలిపేది కూలి, ఆ బట్టలుతికేది ఇల్లాలు. రేడియోలో మన మాట ఒకటే, వినేవారు మాత్రం ముగ్గురు. ఆసామిని చీటీ చదవమనండి. కూలికి డబ్బా చేతికిచ్చి రంగు చూపండి. మందు కొట్టిన బట్టలు విడిగా ఉతకాలనీ, ఖాళీ డబ్బాలో నీళ్లూ నూనే పోయరాదనీ ఇల్లాలికి చెప్పండి. చెప్పి ఊరుకోక, "ఏం విన్నారో మళ్లీ చెప్పండి" అని అడగండి. ఆనాడు నేను అడగలేదు.

మందు కొట్టినవారికి తల తిరిగినా, వాంతులైనా, ఆ బట్టలు విప్పించి, ఒళ్లు సబ్బునీళ్లతో కడిగి, 108కి ఫోను చేయండి. డబ్బామీది చీటీ డాక్టరుగారికి చూపించండి. విరుగుడు దానిమీద వ్రాసి ఉంటుంది.

ఈ నాలుగు రంగులూ ఈ రాత్రి మీ ఇంటిల్లిపాదిచేతా ఒకసారి చెప్పించండి. సెలవు.