గడ్డకట్టిన నీటిగొట్టము

చలికాలమున తెల్లవారుజామున తుక్కుగూడలో శ్రీశైలము రోడ్డు మీద పొగమంచు కమ్ముకొని యుండును. తొట్టిలోని నీరు తాకినచో చేతివ్రేళ్లు కొంకర్లు పోవును. మన మెరిగిన చలి అంతమాత్రమే. హైదరాబాదున నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రత 1946 జనవరిలో 6.1 డిగ్రీల సెంటిగ్రేడు. నీరు గడ్డకట్టవలెనన్న అది సున్నకు దిగవలెను గదా. కాబట్టి నల్లా గొట్టములో నీరు గడ్డకట్టి గొట్టము పగులునన్న మాట మన ఇండ్లలో కథవలె వినిపించును.

ఐనను ఈ విషయము మనవారికి పట్టినదే. తుక్కుగూడకు చేరువనే 2008 మార్చిలో శంషాబాదు విమానాశ్రయమును తెరచిరి. అమెరికాలోని కొడుకు వద్దనో, కూతురు వద్దనో ఆరు మాసములు ఉండి వచ్చుటకు పచ్చళ్లు, పొడులు పెట్టెలలో సర్దుకొని అచ్చటినుండి విమానమెక్కు పెద్దలు నేడు మన పల్లెలలో తక్కువేమి కాదు. టెక్సాసు రాష్ట్రమున డాలసు నగరము చుట్టునున్న ఇర్వింగు, ప్లేనో, ఫ్రిస్కో ఊళ్లలో తెలుగు కుటుంబములు వేలకొలది కలవు. అచ్చటి ఎండలు మన ఎండలకు తీసిపోవు. చిక్కంతయు అందులోనే యున్నది. వేడిని దృష్టిలో నుంచుకొని కట్టిన ఇండ్లు గనుక, పెక్కింటిలో నీటిగొట్టములు అటకమీదుగాను, వెలుపలి గోడలలోను పోవును. వానికి వెచ్చని తొడుగు ఉన్న ఉండును, లేకున్న లేదు.

2021 ఫిబ్రవరిలో అచ్చట పెనుచలి వచ్చినది. ఆ నెల 16వ తేదీన డాలసులో ఉష్ణోగ్రత సున్నకు దిగువ 19 డిగ్రీల సెంటిగ్రేడు వరకు పడిపోయెను. రాష్ట్రమందు 40 లక్షలకు పైగా ఇండ్లకు, దుకాణములకు విద్యుత్తు నిలిచెను. మాకు బంధువులైన ఒక పెద్దావిడ అప్పుడు కుమారుని యింట ఉండిరి. పడుకొనబోవుచు కోడలు వంటయింటి నల్లాను సన్నని ధారగా వదలినది. నడిరేయి ఆమె లేచి చూచి, దానిని గట్టిగా కట్టివేసిరి. "నీళ్లు ఊరికె పారిపోతుంటే ఇంట్ల లక్ష్మి నిలుస్తదా బిడ్డా?" అని మరునాడు కోడలితో అనిరి కూడ. నల్లాలో నీరు రాలేదు. రెండు దినములకు చలి తగ్గి ఎండ కాసినది. అటకమీది గొట్టమునుండి నీరు దుమికి, పైకప్పు పలకలు తడిసి మంచము మీద కూలెను. మనుమడు అప్పుడు ఆ గదిలో లేడు. ఇంటిలో ఎవరును ఆమెను ఒక్కమాట అనలేదు. అయినను ఆమె ఆ మాట తలచుకొని నేటికిని కుములుచుందురు. నా దృష్టిలో తప్పు ఆమెది కాదు. నల్లా ఎందుకు వదలిరో ఆమెకు ఎవరును చెప్పలేదు.

ఆ కారణము ఇది. నీరు గడ్డకట్టునప్పుడు దాని పరిమాణము నూటికి తొమ్మిది వంతుల వరకు పెరుగును. గొట్టములో ఒకచోట ఏర్పడిన మంచుగడ్డ పొడవునా పెరుగుచు, పిచికారీ కాడవలె ముందున్న నీటిని నెట్టును. నల్లా మూసియున్నచో ఆ నీటికి పోవు దారి లేదు. గడ్డకు, నల్లాకు నడుమ ఒత్తిడి పెరిగి పెరిగి, ఎచ్చట గొట్టము బలహీనముగా నున్నదో అచ్చట పగులును. ఆ చోట మంచు లేకపోవచ్చును కూడ. నల్లా కొంచెము తెరచియున్నచో ఆ ఒత్తిడి బయటికి పోవును. ఇక పగులు కనబడుట గడ్డ కరిగిన పిమ్మటనే. చలి తగ్గిన దినమే జాగ్రత్తగా ఉండవలసిన దినము.

ఇల్లినాయి విశ్వవిద్యాలయమువారి పరిశోధనలో, తొడుగులేని అటకగొట్టములకు సున్నకు దిగువ 7 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద ప్రమాదము ఆరంభమగునని తేలినది. ఆ దేశపు లెక్కలో అది 20 డిగ్రీల ఫారన్‌హీటు. వార్తలలో ఆ అంకె వినిపించిన సాయంకాలమే తోట గొట్టమును ఊడదీసి, వెలుపలి నల్లాకు పాత తువ్వాలు చుట్టి పైన ప్లాస్టిక్ సంచి కట్టవలెను. వంటయింటి తొట్టి క్రింది అల్మారా తలుపులు తెరచియుంచినచో ఇంటి వెచ్చదనము గొట్టమునకు తగులును. ఊరికి పోవునప్పుడును గది వేడిని 55 ఫారన్‌హీటుకు దిగనీయరాదు.

నల్లా వదలుటకు ఒక మినహాయింపు కలదు. 2021లో హ్యూస్టనులో నీటి ఒత్తిడి పడిపోగా, నల్లాలు కారనీయవద్దని నగరాధికారులే కోరిరి. అట్టి వేళ ప్రధాన కవాటమును మూసి, నల్లాలన్నియు తెరచి గొట్టములలోని నీరు తీసివేయుట మేలు. నీరు వెచ్చజేయు పీపాకు విద్యుత్తో గ్యాసో ముందుగా ఆపవలెను. ఖాళీ పీపా కాలిన చెడిపోవును.

నల్లా తిప్పిన నీరు రానిచో, గొట్టము గడ్డకట్టినదని ఊహించి ఆ నల్లాను తెరచియే ఉంచవలెను. జుట్టు ఆరబెట్టు యంత్రముతోనో, వేడినీట ముంచి పిండిన గుడ్డలతోనో నల్లావైపునుండి ఆరంభించి మెల్లగా వెనుకకు పోవలెను. కరిగిన నీటికి దారి ముందే ఉండుటకై ఈ క్రమము. మంట మాత్రము పనికిరాదు. చలికి మనవారికి కుంపటి జ్ఞప్తికి వచ్చుట సహజము. మన పెంకుటింటిలో గాలి ఆడును. తలుపులు బిగించిన ఆ ఇండ్లలో బొగ్గు కాల్చినచో వాసనలేని విషవాయువు నిండును. ఆ ఫిబ్రవరిలో టెక్సాసులో బొగ్గు పొయ్యిలు, జనరేటర్లు, గదికి ఆనుకొన్న కారుషెడ్డులో నడిపిన కార్లు పలువురి ప్రాణములు తీసెను.

ప్రధాన కవాటము ఎచ్చట నున్నదో వెళ్లిన మొదటి వారములోనే కొడుకునో అల్లునినో అడిగి, స్వయముగా ఒకసారి తిప్పి చూడవలెను. పెక్కిండ్లకు అది వీథివైపు నేలలో మూతవేసిన పెట్టెలో ఉండును. దానికి వేరే తాళపుచెవి కావలెను. గొట్టము పగిలిన యెడల మొదట ఆ కవాటము, తరువాత విద్యుత్తు. తడిసిన గోడ వెనుక తీగెలుండును గనుక ఆ గోడమీది స్విచ్చిని ముట్టక, ప్రధాన స్విచ్చివద్దకు పొడినేల మీదుగా పోవు దారి ఉన్నప్పుడే దానిని ఆపవలెను.