బాల్టిమోర్ కోల్ట్స్ జ్ఞాపకాలు

అమెరికన్ ఫుట్‌బాల్ వృత్తిపోటీలలో జట్టు యజమాని సొత్తు కనుక, ఒక నగరం నుంచి మరో నగరానికి తరలిపోవడం దానికి అసాధ్యం కాదు. బాల్టిమోర్ నగరపు కోల్ట్స్ జట్టును ప్రభుత్వం స్వాధీనం చేసుకునే చట్టానికి మేరీలాండ్ శాసనసభ సిద్ధమవుతుండగా, 1984 మార్చి 28 రాత్రి యజమాని దాని సామగ్రిని లారీలకెక్కించి ఇండియానాపోలిస్‌కు పంపించివేయడంతో, అభిమానులకు జ్ఞాపకాలే మిగిలాయి.

ఆ జ్ఞాపకాలలో మకుటాయమానమైనది 1958 డిసెంబరు 28 నాటి ఛాంపియన్‌షిప్ పోటీ. నిర్ణీత సమయానికి స్కోరు 17-17తో సమం కాగా, ముందుగా పాయింట్లు సాధించినవారే గెలిచే అదనపు సమయంలో, బంతినందుకొని దాడిని నడిపించే క్వార్టర్‌బ్యాక్ జానీ యూనిటాస్ సారథ్యంలో కోల్ట్స్ 23-17తో న్యూయార్క్ జెయింట్స్‌ను ఓడించింది.

అయితే ఈ అభిమానానికి ఆటగాళ్ళకంటే బలమైన సాక్ష్యం జట్టు బ్యాండు మేళమే. దాని దుస్తులు జట్టు తరలిపోయిన రాత్రి డ్రైక్లీనింగ్ దుకాణంలో ఉండి లారీలకు చిక్కకపోగా, ఆడే జట్టే లేని ఆ మేళం కోల్ట్స్ పేరుతోనే ఏళ్ళ తరబడి వాయించింది. 1996లో రేవెన్స్ జట్టు నగరానికి వచ్చాక కూడా కొంతకాలం ఆ పేరు వదలలేదు. ఆ కొత్త జట్టు క్లీవ్‌లాండ్ అభిమానులు అదే విధంగా పోగొట్టుకున్నది కావడం వేరే కథ.