నాలుకకున్న బలం

మాట మనిషిని నిలబెడుతుంది, కూలదోస్తుంది కూడా. బైబిలులో యాకోబు పత్రిక 3వ అధ్యాయం నాలుకను అడవిని కాల్చే నిప్పుతో పోలుస్తుంది. దేవుణ్ణి స్తుతించే నోటితోనే తోటివారిని శపించడం తగదంటుంది.

నిజాయితీగా పలికిన మాట మేలు కూడా చేస్తుంది. 1912లో డోర్నకల్‌కు తొలి బిషప్పు అయిన వి.ఎస్. అజరయ్య, 1910లో ఎడిన్‌బరో మిషనరీ మహాసభలో ప్రసంగిస్తూ విదేశీ మిషనరీలు భారతీయులకు స్నేహితులు కావాలని నిర్మొహమాటంగా కోరారు. ఆ మాట కొందరిని నొప్పించినా, సమానత్వంపై ఆలోచన రేపింది.

చాడీలు, నిందలు, కులం పేరుతో ఎత్తిపొడుపులు సంఘాన్ని చీలుస్తాయి. క్షమాపణ, ఓదార్పు, ప్రార్థన విరిగిన మనసులను అతుకుతాయి. తప్పు చేసినవారితో ముందు ఒంటరిగా మాట్లాడాలని మత్తయి సువార్త 18వ అధ్యాయం చెబుతుంది. పదిమందిలో పరువు తీయకుండా, ఎదుట కూర్చుని సరిదిద్దడమే క్రైస్తవ ధర్మం.