వాన నష్టములను గుఱించి రైతు చేయు తీర్పు
(చాగలమర్రి ప్రాంతపు నల్లరేగడి రైతులకు ఉపన్యాసము)



చాగలమర్రి ప్రాంతమున సేద్యము చేయువారికి వానను గుఱించి చెప్పబూనుట సాహసమే. తూర్పున నల్లమల కొండలు, పడమట కుందు నది, నడుమ నల్లరేగడి భూములు. ఏ కార్తెలో ఎంత పదును కావలయునో, గొఱ్ఱు ఎప్పుడు కట్టవలయునో ఇచ్చటి రైతునకు ఒకరు నేర్పనక్కఱలేదు. కావున ఈ ఉపన్యాసము వానను గుఱించినది కాదు. రాబోవు వానను గుఱించి మనుష్యుడు తన మనస్సులో తీర్పు ఎట్లు చేసికొనును, ఆ తీర్పు ఎచ్చట దారి తప్పును అనునదే ఇందలి విషయము. విత్తనము, ఎరువు, కూలి, అప్పు ఇవన్నియు ఫలితము తెలియుటకు ముందే వెచ్చింపవలసినవి. ఈ తీర్పు చెడినయెడల తక్కిన నేర్పంతయు ఉండియు ప్రయోజనము లేదు.

కర్నూలు-కడప కాలువ చరిత్ర ఇందుకు దగ్గఱి నిదర్శనము. 1858లో ఏర్పడిన మద్రాసు ఇరిగేషను, కెనాలు కంపెనీవారు తుంగభద్రపై సుంకేసుల యొద్ద ఆనకట్ట కట్టి, 1863 మొదలు 1870 వఱకు సుమారు 190 మైళ్ల కాలువను త్రవ్వించిరి. పడవలు నడచుటకు గూడ అందు ఏర్పాటు చేసిరి. గోదావరి డెల్టాలో ధవళేశ్వరము ఆనకట్ట వలన కలిగిన లాభమును చూచినవారు కుందు లోయలోను అట్టి లాభమే కలుగునని తలంచిరి. కాని కాలువ నిండ నీరు పాఱుచున్నను రైతులు అనుకొన్నంతగా తీసికొనలేదు. రైతులు మూఢులని, సోమరులని అప్పటి దొరలు కొందఱు తలంచిరి.

రైతులు మూఢులు కారు. నల్లరేగడి భూమి ఒకమాఱు బాగుగా నానినయెడల జొన్నను, కొఱ్ఱను, ప్రత్తిని చాలవఱకు ఆ పదునుతోనే పండించును. మాగాణి చేయవలెనన్న పొలము చదును చేయవలయును, గట్లు వేయవలయును, ఎరువు హెచ్చుగా తోలవలయును, పశువులు హెచ్చుగా కావలయును, పైగా నీటి తీరువా చెల్లింపవలయును. సామాన్య సంవత్సరమున ఇంత ఖర్చుపెట్టి పొందెడి అధిక ఫలము కొంచెమే. ఈ లెక్క సరియైనదే. డెల్టా లెక్కను రేగడికి అంటగట్టిన కంపెనీవారిదే మొదటి పొరపాటు. వారి నష్టము తీఱక తుదకు 1882లో ప్రభుత్వమువారు కాలువను కొనవలసివచ్చెను.

అయినను రైతుల లెక్కలోను ఒక కొఱత యుండెను. వారు సామాన్య సంవత్సరమును మాత్రమే తూచిరి. 1876లో వానలు తప్పెను. 1876-78 క్షామమున కర్నూలు జిల్లా జనసంఖ్య దాదాపు నాలుగవ వంతు తగ్గెను. అప్పుడు కాలువనీటికి ఎక్కడలేని గిరాకి పుట్టెను. ముందుగా పొలము చదును చేసి పిల్లకాలువ తీసియుంచనివానికి గట్టు నిండ నీరున్నను ఏమి ఫలము? వానలు మరలిన తరువాత ఆ గిరాకి మరల తగ్గెను. భయము కఱవుతో వచ్చి కఱవుతో పోయెను.

ఇప్పుడు అదే కాలువ క్రింద తీర్పు తలక్రిందులయినది. కాలువ ఆయకట్టు సుమారు 2,65,000 ఎకరములు. కృష్ణా జలవివాద న్యాయస్థానమువారు (బచావత్ తీర్పు) ఈ కాలువకు 39.9 టి.ఎం.సి.ల నీరు కేటాయించిరి. కాని కేటాయింపు కాగితముపై నుండును. నీరు తుంగభద్రలో నుండవలయును. నీటిని నమ్మని తాతల మనుమలు నేడు నీటిని అతిగా నమ్మి, కాలువలో ప్రవాహము చూచినంతనే సోనా వరి నారు పోయుచున్నారు. కడపటి తడి అందునో లేదో అప్పుడు తెలియదు.

ఇట్లు జరుగుటకు కారణమేమన, మనస్సు సంవత్సరములను లెక్కపెట్టదు, జ్ఞప్తికి వచ్చినదానినే తూచును. డేనియల్ కానెమన్, ఏమస్ ట్వర్‌స్కీ అను మనస్తత్వ శాస్త్రజ్ఞులు 1973లో దీనినే విపులముగా వ్రాసిరి. సులభముగా గుర్తునకు వచ్చు ఆపద తఱచుగా వచ్చునదిగా తోచును. మఱచిపోయినది రానిదిగా తోచును. 2009వ సంవత్సరమును తలంచుకొనుడు. ఆ యేట దేశమంతట నైరుతి వానలు సగటుకంటె 22 శాతము తక్కువగా కురిసెను. సెప్టెంబరు వఱకు ఎచ్చట చూచినను కఱవు మాటయే. అక్టోబరు 2వ తేదీన కర్నూలు పట్టణము తుంగభద్ర, హంద్రీల వఱదలో మునిగెను. ఆ నెలకు ముందు అడిగినయెడల వఱద భయమని చెప్పువాడు ఎవడు? ఆ నెల తరువాత కఱవు భయమని చెప్పువాడు ఎవడు? రెండును ఒకే యేటివే.

కావున గట్టి అట్ట పుస్తకమొకటి ఇంట నుంచుకొనుట మంచిది. ఏ కార్తెలో ఎన్ని వానలు పడెను, ఏ తేదీన విత్తిరి, ఎకరమునకు ఎంత పండెను, ఎంత ఖర్చయ్యెను అని ఏటేట వ్రాసినయెడల పదేండ్లకు అది షావుకారు పద్దుకంటె విలువైనదగును. జిల్లా సగటు అనునది రైతునకు అంతగా పనికిరాదు. ఉమ్మడి కర్నూలు జిల్లా సగటు వర్షపాతము సుమారు 670 మిల్లీమీటర్లు; కాని ఏ పొలమును సగటు వానతో పండలేదు.

లెక్క వ్రాసినను చదువుటలో ఒక మెలకువ కావలయును. ఉదాహరణమునకు కొన్ని ఊహించిన అంకెలు చూతము. ఒక పైరు పదేండ్లలో ఏడేండ్లు ఎకరమునకు 10,000 రూపాయల లాభము, మూడేండ్లు 12,000 రూపాయల నష్టము తెచ్చును. పదేండ్లకు మిగులు 34,000. వేఱొక పైరు తొమ్మిదేండ్లు 4,000 లాభము, ఒక యేడు 3,000 నష్టము తెచ్చును. మిగులు 33,000. కాగితముపై మొదటిదే మేలు. కాని ఆ మూడు నష్టపు సంవత్సరములు వరుసగా వచ్చినయెడల? ఎకరమునకు 36,000 రూపాయలు, దానిపై వడ్డీ. గాదెలో గింజ, చేతిలో రొక్కము గలవాడు ఓర్చుకొని నాలుగవ యేట లాభము చూచును. అప్పుతో విత్తినవాడు నాలుగవ యేట పొలములోనే ఉండకపోవచ్చును. అందుచేత ఒకే గట్టున ఇరువురు రైతులు వేఱువేఱు పైర్లు వేయుట ఇరువురకును తెలివియే కావచ్చును. ప్రక్కవాని పొలమును చూచి విత్తువాడు వాని లాభమునే చూచుచున్నాడు, వాని అప్పును చూచుటలేదు.

బీదరైతు పిఱికివాడు, ధనికుడు ధైర్యశాలి అను మాట తఱచుగా వినబడును. హాన్స్ బిన్స్‌వాంగర్ అను ఆర్థికవేత్త మహారాష్ట్ర, ఆంధ్రప్రదేశ్ గ్రామములలో నిజమైన రొక్కముతో పరీక్షలు జరిపి 1980లో ఫలితములు ప్రకటించెను. కొద్దిపాటి సొమ్మయినప్పుడు మనుష్యులు పలువిధముల నడచుకొనిరి. సొమ్ము పెద్దదైనకొలది దాదాపు అందఱును ఒకే విధమైన జాగ్రత్త చూపిరి. ధనమును బట్టి ఈ స్వభావము అంతగా మాఱలేదు. వ్యత్యాసము గుండెలో గాక, నష్టము వచ్చినపుడు నిలద్రొక్కుకొను ఆధారములో నున్నదని దీనినిబట్టి తెలియుచున్నది.

ఇక బోరు బావుల సంగతి. ఇది రాయలసీమ అంతట జరుగుచున్నదే. మొదటి బోరులో నీరు పడదు. అచ్చటితో ఆగినయెడల పోయిన సొమ్ము పోయినట్లే అని ఒప్పుకొనవలయును. అది మనస్సునకు దుస్సహము. అందుచే రెండవది, మూడవది త్రవ్వించును. లాభములో జాగరూకుడై యుండు మనుష్యుడు నష్టములో తెగించునని పైన చెప్పిన పండితులే 1979లో నిరూపించిరి. రెండవ బోరు వేయించుటకు ముందు అడుగవలసిన ప్రశ్న ఒక్కటే: మొదటి బోరు అసలు వేయింపకయే యున్నచో, నేడు ఈ స్థలమున, ఈ ఖర్చుతో బోరు వేయింతుమా? పోయిన రూపాయలు భూమిలోని నీటిని పెంచవు.

వాతావరణ శాఖవారి సూచనలను గుఱించి రైతులలో రెండు తెగలు గలవు: పూర్తిగా నమ్మువారు, పూర్తిగా త్రోసివేయువారు. 2009 ఏప్రిలులో ఆ శాఖవారు 96 శాతము వాన పడునని తెలిపిరి. పడినది 78 శాతము. దీనిని జ్ఞప్తియందుంచుకొనినవారు తరువాతి సూచనల నన్నిటిని త్రోసివేయుట న్యాయమా? పదిమాఱులలో ఏడుమాఱులు నిజమగు మాట పూర్తిసత్యము కాదు, పనికిరానిదియు కాదు. 2022లో తెలంగాణములో 250 గ్రామములందు ఒక పరీక్ష జరిగెను. ఋతువు ఎప్పుడు ప్రవేశించునో కొన్ని గ్రామములవారికి ముందుగా తెలిపిరి. తాము అనుకొన్నదానికంటె ఆలస్యమని విన్న రైతులు సాగు తగ్గించుకొనిరి. ముందుగా వచ్చునని విన్నవారు పెట్టుబడి హెచ్చించిరి. తమ అంచనా ఏదో ముందు నిశ్చయించుకొని, సూచనను దానితో పోల్చి, భేదమున్నంతవఱకు మాత్రమే మార్చుకొనుట వారు చేసిన పని. అది మంచి పద్ధతి.

తాతలనాటి కార్తెల లెక్క నేడు సరిపోవుటలేదని వృద్ధులు చెప్పుచున్నారు. గాలి ఒక డిగ్రీ వేడెక్కినయెడల సుమారు 7 శాతము అధికముగా నీటి ఆవిరిని మోయగలదు. అందుచే కురిసినప్పుడు కుంభవృష్టి కురియుట హెచ్చుచున్నది. పాత పుస్తకమును పాఱవేయనక్కఱలేదు. అయితే కడపటి పదునైదేండ్ల పుటలను మొదటి పుటలకంటె శ్రద్ధగా చదువవలయును.

పంటల బీమా విషయము క్లుప్తము. 2016లో ఏర్పడిన ప్రధానమంత్రి బీమా పథకమున రైతు వాటా ఖరీఫు ఆహారధాన్యములకు, నూనెగింజలకు 2 శాతముగాను, రబీకి 1.5 శాతముగాను, వాణిజ్య పంటలకు 5 శాతముగాను నిర్ణయింపబడెను. మిగిలినది ప్రభుత్వములు భరించును. దిగుబడి నష్టమును ఒక్కొక్క పొలమును బట్టి గాక గ్రామము లేక ప్రాంతపు సగటును బట్టి కట్టుదురు. వడగండ్లు, నీటిమునక వంటి స్థానిక నష్టములకు మాత్రము విడిగా చూతురు. ఇది తెలియక చేరినవాడు తన పొలము ఎండి ఊరు పండినయేట మోసపోతినని తలంచి మఱుసటి యేడు మానుకొనును. నష్టము రాని యేట కట్టిన సొమ్ము దండుగ అని యెంచుట మఱియొక పొరపాటు. పూర్వులు రేగడి నేలలో పాతరలు త్రవ్వి జొన్నలు పోసి మట్టి కప్పెడివారు. కొంత ముక్కిపోయెడిది, కొంత పురుగు తినెడిది. వాన పడిన యేట ఆ నష్టమును చూచి పాతర త్రవ్వుట మానిన ఇల్లు పెద్దింటిగా నిలువలేదు.

తుదకు ఆచరణ. నల్లరేగడిలో శనగ నిలువ పదునుపై పండు పైరు. నవంబరు నడిమి దాటి విత్తినయెడల పూత, కాయ దశలలో పదును తఱిగి ఎండ తగిలి దిగుబడి పడిపోవును. ఇది అందఱకును తెలిసినదే. కాని స్వాతి కార్తెలో ప్రక్క పొలమున గొఱ్ఱు నడుచుచుండగా, కొట్టులో విత్తనము సిద్ధముగా నుండగా, చాలని పదునులో విత్తకయుండుట ఎవరికిని సాధ్యము కాదు. ఆ తీర్పును ఆ దినమునకు విడువరాదు. శ్రావణమాసముననే, ఇంటివారితో కూర్చుండి, చిత్త కార్తె ముగియునాటికి జానెడు లోతున మట్టి ముద్ద కట్టనియెడల ఎన్ని ఎకరములు విడువవలయును, ఏ చెలక బీడు పెట్టవలయును, అప్పు ఎంతకు మించరాదు అని అట్ట పుస్తకమున వ్రాసి, క్రింద తేదీ వేయవలయును. విత్తుదినమున ముందుగా ఆ పుటను తెఱచి చూచి, తరువాత గొఱ్ఱు కట్టవచ్చును.