లెక్కల పట్టికలు: లోపములు, కోరికలు

జీతముల పట్టీ కానిండు, సరకుల నిల్వ కానిండు, విద్యార్థుల మార్కులు కానిండు, నేడు ఏ లెక్కయైనను స్ప్రెడ్‌షీట్ అను గళ్ల పట్టిక రూపముననే మన కంటబడుచున్నది. 1979లో డాన్ బ్రిక్లిన్, బాబ్ ఫ్రాంక్‌స్టన్ అను ఇరువురు ఆపిల్ టూ కంప్యూటరుకొరకు విసికాల్క్ అను ప్రోగ్రామును వెలువరించిరి. నాటినుండి ఈ పట్టిక కాగితపు ఖాతా పుస్తకము స్థానమును క్రమక్రమముగా ఆక్రమించినది. ఒక గడిలో అంకెను మార్చినచో, దానిపై ఆధారపడిన మొత్తములన్నియు తమంత తామే మారును. దీని ఆకర్షణయంతయు అందే కలదు.

అయితే ఈ పట్టికలన్నిటిని మనుష్యులే కూర్చుండి నింపుచున్నారని తలపరాదు. వేలకొలది ఉద్యోగుల జీతముల పట్టీని నెలనెలకు ఒక ప్రోగ్రామే తయారుచేయును. ఆ ప్రోగ్రామును వ్రాయువారు గళ్ల పట్టికను నిర్మించు పనిని మొదటినుండి తాము చేసికొనరు. ఇతరులు సిద్ధపరచి ఉంచిన పనిముట్ల పెట్టె నొకదానిని తెచ్చుకొందురు. దానిని ప్రోగ్రామర్లు లైబ్రరీ అందురు. పైథాన్ భాషకు ఓపెన్‌పైఎక్సెల్, జావాకు అపాచీ పీఓఐ, పీహెచ్‌పీకి పీహెచ్‌పీ స్ప్రెడ్‌షీట్ అనునవి ఇట్టి లైబ్రరీలు. ఇవి ఓపెన్ సోర్స్ పద్ధతిలో వెలువడినవి. అనగా వీని మూలపాఠము ఎల్లరకు కనబడును. వాడుకొనుటకు రుసుము లేదు. సవరించుకొనుటకు అనుమతి కలదు.

వాడుకొనువారినుండి నిర్మాతలకు రెండు విధములైన విన్నపములు చేరుచుండును. "ఇది చెడిపోయినది, బాగుచేయుడు" అనునది మొదటిది. దానిని బగ్ నివేదిక అందురు. "ఇది లేదు, చేర్చుడు" అనునది రెండవది. అది కోరిక. ఈ విన్నపములను ఎట్లు వ్రాయవలెను, అవతలివారు వానిని ఏ దృష్టితో చూతురు అను విషయమును నేడు ముచ్చటింప దలచితిమి.

మొదట లోపమునకు కోరికకు గల భేదమును గుర్తింపవలెను. ఒకరు ఓపెన్‌పైఎక్సెల్ సాయముతో ఒక గడిలో కూడిక సూత్రమును వ్రాసి, పట్టికను భద్రపరచి, వెంటనే దానిని మరల తెరచి మొత్తమెంత అని అడిగిరనుకొందము. విలువ శూన్యముగా వచ్చును. "ఈ లైబ్రరీకి కూడిక రాదు" అని వారు ఫిర్యాదు వ్రాయుదురు. నిజమునకు ఆ లైబ్రరీ లెక్క కట్టుటకు ఏర్పడినది కాదు. అది సూత్రమును సూత్రముగనే వ్రాసి ఉంచును. ఎక్సెల్ వంటి ప్రోగ్రాము ఆ పట్టికను తెరచినప్పుడు లెక్క కట్టి, ఫలితమును సూత్రము ప్రక్కన దాచును. అట్లు దాచిన ఫలితమును మాత్రమే లైబ్రరీ చదివి చెప్పగలదు. ఈ సంగతి దాని వివరణ పత్రములలోనే కలదు. కావున ఇది లోపము కాదు, కోరిక. అదియు చిన్న కోరిక కాదు. ఎక్సెల్‌లో వందలకొలది ఫంక్షనులు కలవు. వానినన్నిటిని లెక్కకట్టుమనుట మరియొక ఎక్సెల్‌ను నిర్మింపుమనుటయే. చేసెదమని చెప్పి చేయనిది లోపము. చేసెదమని ఎన్నడును చెప్పనిది కోరిక. ఈ విచక్షణ ఉన్నచో సగము వివాదములు పుట్టనే పుట్టవు.

ఇక నిజమైన లోపమునే తెలుపునప్పుడు మాటలో ఎంత తేడా ఉండునో చూడుడు. "తేదీలన్నియు తప్పుగా వచ్చుచున్నవి, వెంటనే సరిచేయుడు" అని ఒకరు వ్రాసిరనుకొందము. దీనివలన నిర్మాతకు తెలియునది ఏమియు లేదు. "మా పట్టికలో 2010 ఆగస్టు 15 అని ఉన్నది; లైబ్రరీ దానిని 2006 ఆగస్టు 14గా చదువుచున్నది; ప్రతి తేదీయు ఇట్లే నాలుగు సంవత్సరముల ఒక దినము వెనుకకు పోవుచున్నది" అని మరియొకరు వ్రాసిరనుకొందము. విషయము తెలిసినవాడు చదువగానే కారణమును పట్టుకొనును.

పట్టికలో తేదీ తేదీగా ఉండదు. ఒక ప్రారంభ దినమునుండి లెక్కించిన దినముల సంఖ్యగా ఉండును. విండోస్ ఎక్సెల్‌లో 1900 జనవరి 1 మొదటి దినము. మేకింటాష్‌పై నడచిన పూర్వపు ఎక్సెల్ 1904 జనవరి 1 నుండి లెక్కించెడిది. ఈ రెండు పద్ధతులకు నడుమ భేదము 1,462 దినములు. అనగా సరిగా నాలుగు సంవత్సరముల ఒక దినము. ఏ పద్ధతి వాడబడినదో తెలుపు గుర్తు ఫైలులోనే ఉండును. ఆ గుర్తును లైబ్రరీ చూడలేదన్నమాట. రెండవ విన్నపము వ్రాసినవారికి ప్రోగ్రామింగు రాకపోవచ్చును. ఐనను సగము మరమ్మతు వారే చేసిరి.

పూర్వము గ్రామములో భూమి తగవును గూర్చి అర్జీ పెట్టువారు సర్వే నంబరు వ్రాయక "నా పొలము పోయినది" అని మాత్రము వ్రాసినచో, ఆ కాగితము కచేరీలో బల్ల దాటి పోయెడిది కాదు. ఇచ్చటను అంతియే. లైబ్రరీ ఎన్నవ సంస్కరణము, ఏమి చేసితిమి, ఏమి రావలెనని తలచితిమి, ఏమి వచ్చినది అను నాలుగును విన్నపములో ఉండవలెను. వీనితోపాటు ఆ లోపమును చూపు అతిచిన్న పట్టిక నొకదానిని జతపరుపవలెను. అసలు జీతముల పట్టీని పంపుట తగదు. దానిలో పరుల పేర్లు, ఫోను నంబర్లు ఉండును. మూడు వరుసల కల్పిత పట్టిక చాలును. పెద్ద పట్టికను కొంచెము కొంచెముగా తగ్గించుకొని వచ్చునప్పుడు, లోపము లైబ్రరీలో లేదు, మనము వ్రాసిన ప్రోగ్రాములోనే ఉన్నదని తేలుటయు కలదు. అప్పుడు విన్నపముతో పనియే ఉండదు.

మన తెలుగువారికి తరచుగా తగులు చిక్కులు రెండింటిని ఇచ్చట పేర్కొందుము. మొదటిది లిపికి సంబంధించినది. పేర్లను తెలుగులో వ్రాసి, కామాలతో విడదీసిన సీఎస్‌వీ ఫైలుగా భద్రపరచి, దానిని ఎక్సెల్‌లో తెరచినచో, తెలుగు అక్షరములకు బదులు అర్థము లేని గుర్తులు కనబడవచ్చును. అక్షరములు చెడిపోలేదు. ఫైలు యూటీఎఫ్-8 పద్ధతిలో ఉన్నదని తెలుపు గుర్తు మొదట లేకపోవుటచే, ఎక్సెల్ దానిని వేరొక పద్ధతిగా భావించినది. అవే పేర్లను ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్ ఫైలులో వ్రాసినచో ఈ బాధ లేదు. రెండవది కామాలకు సంబంధించినది. మనము లక్ష ఇరువదిమూడు వేలను 1,23,000 అని వ్రాయుదుము. ఇతర దేశములలో 123,000 అని వ్రాయుదురు. సాధారణమైన అంకెల అమరికను లైబ్రరీ ఫైలులో వ్రాసినప్పుడు, కామా ఎచ్చట పడవలెనో నిర్ణయించునది లైబ్రరీ కాదు. ఫైలును తెరచిన కంప్యూటరులో ఏ దేశపు పద్ధతి ఎన్నుకొనబడినదో అదియే నిర్ణయించును. కావున "తెలుగు చెడినది", "కామాలు తప్పినవి" అని వ్రాయుటకు ముందు, ఏ ఫైలు, ఏ ప్రోగ్రాములో, ఏ అమరికతో తెరచితిమో చూచుకొనవలెను.

లోపమును సకాలమున చెప్పకపోయినను, చెప్పినను దిద్దకపోయినను ఏమగునో తెలిపు ఉదాహరణము ఒకటి ప్రసిద్ధముగా ఉన్నది. 1983లో వెలువడిన లోటస్ 1-2-3 అను పట్టికల ప్రోగ్రాము 1900వ సంవత్సరమును లీపు సంవత్సరముగా గ్రహించినది. నాలుగుచేత భాగింపబడుటచే అట్లు తోచును. కాని నూరుచేత భాగింపబడి నాలుగు వందలచేత భాగింపబడనిది లీపు సంవత్సరము కాదు. 1900 ఫిబ్రవరిలో 29వ తేదీ లేనేలేదు. తరువాత వచ్చిన ఎక్సెల్, లోటస్ పట్టికలతో పొత్తు కుదురవలెనని ఆ తప్పును తెలిసియే స్వీకరించినది. నేటికిని ఎక్సెల్‌లో 60 అను సంఖ్యను తేదీగా మార్చినచో లేని ఆ దినమే కనబడును. ఇప్పుడు దిద్దరాదా అని అడుగవచ్చును. దిద్దినచో, అప్పటినుండి ఇప్పటివరకు తయారైన పట్టికలలో ఇంచుమించు ప్రతి తేదీయు ఒక దినము జరుగును. 2006లో ఎక్మా అను ప్రమాణముల సంస్థ ఈ ఫైళ్ల నిర్మాణమును ప్రమాణముగా ప్రకటించినప్పుడు ఆ తప్పు కూడ అందు చేరినది. నాడు లోపము, నేడు నియమము. ప్రతి లైబ్రరీ నిర్మాతయు ఆ లేని దినమునకు తన పనిలో చోటు చూపవలసియే ఉన్నది. లోపమును చిన్నతనముననే చెప్పవలెననుటకు ఇంతకన్న నిదర్శనము అక్కరలేదు.

కొన్ని కోరికలు వినుటకు ఇంపుగా ఉండి, తీరినపిమ్మట హాని చేయును. "మేము వ్రాసిన అక్షరములను చూచి అది అంకెయో, తేదీయో యంత్రమే ఊహింపవలెను" అనునది అట్టిది. జీవశాస్త్రజ్ఞులు సెప్ట్1, మార్చ్1 అని పిలిచిన జన్యువుల పేర్లను ఎక్సెల్ సెప్టెంబరు 1, మార్చి 1 అను తేదీలుగా మార్చివైచెడిది. 2004లోనే దీనిని గూర్చి హెచ్చరిక ప్రకటింపబడినది. ఎక్సెల్ జన్యు పట్టికలను జతపరచిన పరిశోధన వ్యాసములను పరిశీలింపగా, సుమారు ఐదింట ఒకదానిలో ఇట్టి తప్పులు కలవని 2016లో వెల్లడి అయినది. తుదకు జన్యువుల నామకరణ సంఘమే ఇరువదియేడు జన్యువుల పేర్లను మార్చినట్లు 2020లో తెలిసినది. ఆ మార్పిడిని నిలిపివేయు సదుపాయమును మైక్రోసాఫ్ట్ సంస్థ 2023లో చేర్చినది. ఓపెన్‌పైఎక్సెల్‌లోను ఇట్లు ఊహించు సదుపాయము ఒకప్పుడు ఉండెడిది. తరువాతి సంస్కరణములలో అది తొలగింపబడినది. ఊహింపలేమని చెప్పు పనిముట్టు, తప్పుగా ఊహించు పనిముట్టుకంటె మేలు.

నోరెత్తని లోపము మరింత ప్రమాదకరము. 2020 సెప్టెంబరు 25కును అక్టోబరు 2కును నడుమ ఇంగ్లండులో 15,841 కోవిడ్ కేసులు రోజువారీ లెక్కలలోనికి రాలేదు. పాత ఎక్స్‌ఎల్‌ఎస్ తరహా ఫైలును వాడుటయే దీనికి కారణమని బీబీసీ తెలిపినది. ఆ తరహా పట్టికలో 65,536 వరుసలకు మించి పట్టవు. ఆ రోగులతో కలిసి మెలిసినవారిని వెదకుటలో అంతమేరకు ఆలస్యము జరిగినది. పట్టిక నిండినప్పుడు "ఇక చోటు లేదు" అని గట్టిగా చెప్పవలెనని కోరుట చిన్న కోరికగా కనబడును. అట్టి చిన్న కోరికలకే మొదటి గౌరవము దక్కవలెనని మా అభిప్రాయము.

ఇక నిర్మాతల పక్షము వినవలెను. ఓపెన్‌పైఎక్సెల్‌ను నడుపుచున్నవారు తీరిక వేళలలో స్వచ్ఛందముగా పనిచేయువారు. లేని సదుపాయము కావలసినచో, మీరే చేయి కలుపుడు, లేదా వేతనమిచ్చి ఒకరిచేత చేయించుడు అని వారు స్పష్టముగా చెప్పియున్నారు. ఇందు అహంకారము లేదు. చేతుల లెక్క మాత్రమే కలదు. చేర్చిన ప్రతి సదుపాయమును ఆ తరువాత కలకాలము కాపాడవలసియుండును. కోరినవారు పని తీరినపిమ్మట వెడలిపోవుదురు. భారము నిలిచిన వారిపై పడును. పీహెచ్‌పీఎక్సెల్ అను లైబ్రరీ 2017లో విరమింపబడి, 2019లో శాశ్వతముగా మూయబడినది. దాని పనిని పీహెచ్‌పీ స్ప్రెడ్‌షీట్ అందుకొన్నది. 2020 డిసెంబరులో ఎక్స్‌ఎల్‌ఆర్‌డీ అను లైబ్రరీ క్రొత్త తరహా ఫైళ్లను చదువుట మానుకొని, పాత ఎక్స్‌ఎల్‌ఎస్‌కే పరిమితమైనది. క్రొత్త తరహా ఫైళ్లను చదువు భాగములో భద్రతకు సంబంధించిన ప్రమాదములు ఉండుటయే అందులకు ఒక కారణము. నిన్నటివరకు నడచిన ప్రోగ్రాములు ఎన్నియో మరునాడు ఆగిపోయినవి. వాడుకొనువారి బాధ సహజమే. కాని తాము కాపాడజాలని దానిని కాపాడుచున్నట్లు నటింపక, ఓపెన్‌పైఎక్సెల్‌ను వాడుకొనుడని దారి చూపి తప్పుకొనుట కూడ ఒక బాధ్యతయే.

కావున విన్నపమునకు "కాదు" అను సమాధానము వచ్చినప్పుడు దానిని అవమానముగా భావింపరాదు. మన కోరిక వెనుక గల అవసరమును తెలిపినచో, కోరిన మార్గము కాకున్నను మరియొక మార్గము దొరకవచ్చును. "చార్టుకు ఈ రంగు పెట్టుడు" అనుటకంటె "నల్లతెలుపు కాగితముపై అచ్చువేసినప్పుడు రెండు గీతలకు భేదము తెలియుట లేదు" అనుట మేలు. మన యిబ్బందిని మనము చెప్పవలెను. ఉపాయమును వారితో కలిసి వెదకవలెను.

ఇట్టి లైబ్రరీలను వాడు కార్యాలయములు, విద్యాలయములు, దుకాణములు వానికి వెల చెల్లించుట లేదు. చక్కగా వ్రాసిన ఒక బగ్ నివేదికయే అందరు చెల్లింపగల వెల. దానితోపాటు మరియొక చిన్న పని కలదు. అది తరచు మరుగునపడుచున్నది. లోపమును దిద్దితిమని నిర్మాతలు తెలిపినప్పుడు, క్రొత్త సంస్కరణమును తెచ్చి, అదే మూడు వరుసల పట్టికతో పరీక్షించి, "ఇప్పుడు సరిగా వచ్చుచున్నది" అని ఒక్క వాక్యము వ్రాయవలెను. ఆ వాక్యము అందినదాక, దిద్దినవాడు తన పని ముగిసినదని నిశ్చయముగా చెప్పలేడు.