చదువుకొనే బిడ్డల చింతలు

ఉగాది పచ్చడిలోని వేపపువ్వు చేదును సంతోషంగా స్వీకరిస్తాము. హాస్టలునుండి బిడ్డ చెప్పే చేదుమాటను మాత్రం వినలేకపోతున్నాము. ఫోనులో మొదట మనమడిగేది మార్కులే. తప్పిన పరీక్ష, చాలని డబ్బు, సయించని మెస్సు భోజనం, ఒంటరితనం, అన్నీ "బాగానే ఉన్నాను నాన్నా" అన్న మాట వెనుక దాగిపోతవి.

మనసు భారమైనవారికై కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న టెలి మానస్ నెలకొల్పినది. 14416కు ఫోను చేసి రేయింబవళ్లు, ఉచితంగా, తెలుగులోనే మాట్లాడవచ్చును. బెంగళూరు నిమ్‌హాన్సు దీనికి మార్గదర్శకత్వం వహిస్తున్నది. ర్యాగింగు బాధకు విశ్వవిద్యాలయ నిధుల సంఘంవారి 1800-180-5522 ఉన్నది.

అయినా మొదటి ఆసరా ఇల్లే. పోయిన పరీక్షను మళ్లీ వ్రాయవచ్చును. పోయిన బిడ్డను తెచ్చుకోలేము. మేము కోరేది ఒక్కటే: ఈ పండుగనాడే బిడ్డతో చెప్పండి, "తప్పినా ఈ ఇల్లు నీదే" అని.