సత్యానికి సుంకం: దళిత క్రైస్తవులు, చట్టం, సంఘం
(తగరపువలసలో చేసిన స్మారకోపన్యాసం)

మీరు నాకిచ్చిన ఈ గంటను ఒక్క ప్రశ్నకే వాడుకుంటాను. దళితుడు క్రీస్తును నమ్ముకుంటే చట్టం దృష్టిలో దళితుడు కాకుండా పోతాడా? పోతాడనే 1950 నాటి షెడ్యూల్డు కులాల ఉత్తర్వులోని మూడో పేరా చెబుతోంది. ఆ పేరా ఏ కారణంతో పుట్టిందో ఆ కారణం ఎప్పుడో చెల్లిపోయింది, నిబంధన మాత్రం మిగిలింది. తన విశ్వాసం గురించి నిజం చెప్పిన మనిషి చేత అది సుంకం కట్టిస్తోంది. అందుకే దాన్ని తీసేయాలని నేను వాదిస్తాను. అయితే ఆ కోరిక కోరే ముందు సంఘం తనలో ఉన్న కులాన్ని బాహాటంగా ఒప్పుకోవాలని కూడా అంతే గట్టిగా చెబుతాను. ఈ రెండూ ఒకే వాదానికి చెందిన మాటలు.

ముందు లెక్కలు చూద్దాం. 1971 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో క్రైస్తవులు 4.19 శాతం. 1981లో 2.68, 1991లో 1.83, 2001లో 1.55, 2011లో 1.34 శాతం. తగ్గింది శాతం ఒక్కటే కాదు. రాష్ట్ర జనాభా నాలుగున్నర కోట్ల లోపు నుంచి ఎనిమిదిన్నర కోట్ల దాకా పెరిగితే, క్రైస్తవుల సంఖ్య 18 లక్షల నుంచి 11 లక్షలకు పడిపోయింది. ఈ నలభై ఏళ్లలో మన ఊళ్లలో ప్రార్థనామందిరాలు పెరిగాయే కానీ మూతపడలేదు. ఆదివారం ఆరాధనకు వచ్చేవాళ్లు తగ్గలేదు. పెద్దఎత్తున వలసపోయిన దాఖలా కూడా లేదు. మరి ఆ జనం ఏమయ్యారు? దళితుల పిల్లలు బడికి, కాలేజీకి, సర్కారు కొలువుకు చేరడం మొదలైన కాలమూ, కాగితం మీద క్రైస్తవులు కరిగిపోయిన కాలమూ ఒకటే. కుల ధ్రువీకరణ పత్రం విలువ పెరిగేకొద్దీ విశ్వాసం కాగితం మీద నుంచి తప్పుకుంది. ఇంట్లో ఒక పేరు, బడి రికార్డులో ఇంకో పేరు. సంఘం పుస్తకంలో బాప్తిస్మం తేదీ, తహసీల్దారు కార్యాలయంలో ‘హిందూ మాల’, ‘హిందూ మాదిగ’. ఇలా బతుకుతున్న కుటుంబాలు ఈ సభలో ఉన్నవాళ్లకు కొత్త కాదు.

దాచకుండా చెప్పినవాడికి ఏం జరుగుతుంది? మన రాష్ట్రంలో షెడ్యూల్డు కులాల నుంచి క్రైస్తవులైనవారు, వారి సంతానం బీసీ-సీ వర్గంలోకి వస్తారు. వారి రిజర్వేషన్ 1 శాతం, ఎస్సీలది 15 శాతం. 1977లో ఇచ్చిన 341వ నంబరు జీవో చట్టబద్ధం కాని రాయితీలను వారికీ వర్తింపజేసింది. ఆ మేలు చిన్నది కాదు. కానీ ఎస్సీ నియోజకవర్గంలో పోటీ చేసే హక్కు, 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం ఇచ్చే రక్షణ జీవోతో వచ్చేవి కావు. 2025 ఏప్రిల్ 30న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు గుంటూరు జిల్లాకు చెందిన ఒక పాస్టరు కేసులో ఈ మాటే తేల్చింది. క్రైస్తవం స్వీకరించినవాడు ఎస్సీగా కొనసాగడు, చేతిలో పాత కుల పత్రం రద్దు కాకుండా ఉన్నా ఆ చట్టం కింద రక్షణ అడగలేడు అంది. అంతకు ముందు 2024 నవంబరులో సెల్వరాణి కేసులో సుప్రీంకోర్టు, విశ్వాసం ఒకటి పెట్టుకుని రిజర్వేషన్ కోసం ఇంకోటి చెప్పడం రాజ్యాంగాన్ని మోసగించడమేనంది. కోర్టులు ఉన్న చట్టాన్ని అన్వయించాయి. మనం అడగాల్సిన ప్రశ్న చట్టం గురించి.

ఆ చట్టం చరిత్ర చాలామందికి తెలియదు. షెడ్యూల్డు కులాల మొదటి జాబితా 1936లో బ్రిటిష్ ప్రభుత్వం ఇచ్చిన ఉత్తర్వు. భారతీయ క్రైస్తవులెవరూ షెడ్యూల్డు కులాల కింద రారని అందులో రాశారు. దానికి అప్పట్లో ఒక కారణం ఉంది. 1935 చట్టం ప్రకారం క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు ఉండేవి. ఒకే మనిషి క్రైస్తవుల జాబితాలోనూ, షెడ్యూల్డు కులాల సీట్ల లెక్కలోనూ ఉండకూడదన్నది ఆనాటి పాలకుల ఏర్పాటు. అంటే ఆ నిషేధం ఓట్ల లెక్క కోసం పుట్టింది, అంటరానితనం గురించి ఎవరో పరిశోధించి తేల్చిన సత్యం కాదు. మాల మాదిగల సంఘాలతో నిండిన దోర్నకల్లుకు 1912 నుంచి బిషప్పుగా ఉన్న వి.ఎస్. అజరయ్య ఆ ప్రత్యేక నియోజకవర్గాలనే వ్యతిరేకించారు. 1949 మేలో రాజ్యాంగ సభ మతపరమైన సీట్లను వదులుకున్నప్పుడు, ఆ నిర్ణయానికి క్రైస్తవుడైన ఉపాధ్యక్షులు హెచ్.సి. ముఖర్జీ, జెసూట్ ఫాదర్ జెరోమ్ డిసౌజా మద్దతుగా నిలిచారు. మెజారిటీ ప్రజల న్యాయబుద్ధిని నమ్మి, మాకు వేరు సీట్లు వద్దన్నారు. ప్రత్యేక సీట్లు పోయాయి కాబట్టి వాటి కోసం పెట్టిన అడ్డు కూడా పోవాలి. కానీ 1950 ఆగస్టు 10న వచ్చిన ఉత్తర్వు, హిందూమతం కాక వేరే మతం పాటించేవాళ్లెవరూ షెడ్యూల్డు కులంవారు కారని రాసి, ఆ అడ్డును ఇంకా పెద్దది చేసింది.

ఆ పేరా రాతిమీద చెక్కినదేమీ కాదు. 1956లో సిక్కులను చేర్చారు, 1990లో బౌద్ధులను చేర్చారు. ఆ రెండూ న్యాయమైన సవరణలే. కులాన్ని సిక్కు గురువులూ ఒప్పుకోలేదు, బాబాసాహెబ్ అంబేడ్కర్ స్వీకరించిన బౌద్ధమూ ఒప్పుకోదు. సిద్ధాంతం కులాన్ని కాదన్నా ఊరు కులాన్ని వదల్లేదని పార్లమెంటు రెండుసార్లు గుర్తించింది. మూడోసారి గుర్తించడానికి అడ్డేమిటి? ఇక షెడ్యూల్డు తెగల విషయంలో మతం ఊసే లేదు. 2022 ఏప్రిల్ దాకా అరకు, పాడేరు, పాయకరావుపేట మూడూ మన విశాఖ జిల్లావే. అరకులోనో పాడేరులోనో క్రైస్తవ గిరిజనుడు ఎస్టీ సీటుకు నామినేషన్ వేయగలడు. కొండ దిగి పాయకరావుపేట వస్తే, అదే విశ్వాసమున్న దళితుడు ఎస్సీ సీటుకు నామినేషన్ వేయలేడు. తెగకు ఆధారం సంస్కృతి, కులానికి ఆధారం మతం కాబట్టి తేడా సబబేనని కొందరు న్యాయవాదులంటారు. సిక్కులు, బౌద్ధులు జాబితాలో చేరిన రోజునే ఆ వాదం బలం పోయింది.

అన్నిటికంటే తరచుగా వినిపించే ఆక్షేపణ ఒకటుంది: మీ మతంలో కులం లేదంటారు కదా, మరి కులం పేరిట రిజర్వేషన్ ఎందుకు? సూటైన ప్రశ్నే, సూటిగానే జవాబివ్వాలి. మా వేదంలో కులం లేదు. మా ఊళ్లో ఉంది. రిజర్వేషన్ ఇచ్చేది వేదాన్ని చూసి కాదు, ఊరిని చూసి. మద్రాసులో రోడ్డు పక్కన చెప్పులు కుట్టుకునే సూసై కథ చూడండి. ప్రభుత్వం చెప్పులు కుట్టేవారికి ఉచితంగా బంకులిచ్చింది. ఆయన పక్కన కూర్చుని అదే పనిచేసే హిందువులకు బంకు వచ్చింది, క్రైస్తవుడైన ఆయనకు రాలేదు. 1985లో సుప్రీంకోర్టు, మతం మారాక కూడా కులబాధ అంతే తీవ్రంగా ఉందని రుజువు చూపలేదంటూ ఆయన పిటిషన్ కొట్టేసింది. అదే ఏడాది జులై 17న కారంచేడులో దళితుల ఊచకోత జరిగింది. ఆ మాదిగపల్లెలో చాలా కుటుంబాలు క్రైస్తవ కుటుంబాలే. గొడ్డళ్లతో వచ్చినవాళ్లు ఎవరి బాప్తిస్మమూ అడగలేదు. వినుకొండలో క్రైస్తవ ఇంట పుట్టిన గుర్రం జాషువా మహాకవి అయ్యాక కూడా అంటరానితనం ఆయన్ను వెంటాడింది. ‘గబ్బిలం’ పుట్టింది ఆ అనుభవంలోంచే. ఇక అధికారికమైన పరిశీలన కావాలంటే, రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లోనే మూడో పేరా తొలగించమని సిఫారసు చేసింది. 2023 మార్చిలో మన శాసనసభ ఇదే కోరుతూ తీర్మానించింది. 2022 అక్టోబరులో వేసిన జస్టిస్ బాలకృష్ణన్ కమిషన్‌కు రెండేళ్లు గడువిచ్చి, తర్వాత పొడిగించారు. న్యాయాన్ని ఎంతకాలమని కమిషన్ల గుమ్మం ముందు నిలబెడతారు?

రెండో ఆక్షేపణ మన దళిత సోదరుల నుంచే వస్తుంది. ఉన్న 15 శాతంలోకి కొత్తవాళ్లు వస్తే మా వాటా ఏం కావాలి? ఈ భయాన్ని తేలిగ్గా తీసిపారేయకూడదు. కానీ ఆ కొత్తవాళ్లలో అత్యధికులు ఇప్పటికే కాగితం మీద హిందువులుగా ఆ వాటాలోనే ఉన్నారని పైన చెప్పిన జనాభా లెక్కలే పట్టిస్తున్నాయి. పైగా 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు ఉపవర్గీకరణకు దారి తెరిచింది. 2025లో మన రాష్ట్రం ఎస్సీలను మూడు గ్రూపులు చేసి 1, 6.5, 7.5 శాతాలుగా పంచింది. వెనకబాటును కొలిచి వాటా నిర్ణయించడం సాధ్యమేనని రుజువైంది కాబట్టి, ఎవరి కంచంలోదీ లాక్కోకుండా లెక్క సవరించవచ్చు. మూడో ఆక్షేపణ, ఇది మతమార్పిడిని ప్రోత్సహిస్తుందన్నది. ఏ మతంలో ఉన్నా హక్కు ఒకేలా ఉంటే, మారడానికీ మానడానికీ ప్రభుత్వం ఎర వేసినట్టు కాదు. నిజానికి ఇప్పుడున్న నిబంధనే ఒక మతంలో ఉండటానికి బహుమతి, ఒక మతం ఒప్పుకోవడానికి శిక్ష నిర్ణయిస్తోంది. లాభం కోసం నమ్మకం మార్చడాన్ని మన పెద్దలూ ఒప్పుకోలేదు. 1876-78 కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కాంట్రాక్టు తీసుకుని వేలమందికి పని చూపారు. కూటి కోసం ఎవరూ చేరకూడదని ఆ రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశారు. కరువు సడలాక, 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు.

మరో ఆక్షేపణ సంఘం లోపలిది. విశ్వాసులకు లోకపు రాయితీలెందుకు, దేవుడు చూసుకోడా అంటారు కొందరు భక్తిపరులు. అపొస్తలుడైన పౌలు యెరూషలేములో తనను కొరడాలతో కొట్టబోయినప్పుడు, నేను రోమా పౌరుణ్ణని చెప్పి చట్టాన్ని అడ్డం పెట్టుకున్నాడు. పౌరుడి హక్కు అడగడం విశ్వాసలోపమైతే పౌలు ఆ పని చేసేవాడు కాదు. ప్రాణం మీదికి వచ్చినప్పుడు చట్టం రక్షణ అడిగే పాస్టరుకు కూడా ఆ హక్కు ఉండాలి.

అయితే అదే పౌలు అంతియొకయలో పేతురును అందరి ఎదుట నిలదీశాడు. పేతురు అన్యజనులతో కలిసి భోజనం చేస్తూ, యెరూషలేము నుంచి కొందరు రాగానే బల్ల దగ్గర నుంచి లేచి పక్కకు తప్పుకున్నాడు. అది మర్యాద లోపమని పౌలు అనలేదు, సువార్త సత్యానికే విరుద్ధమన్నాడు. ఈ గీటురాయి మీద మన సంఘాలు నిలుస్తాయా? క్లౌ ఒంగోలు చేరిన తొలి ఏళ్లలో, మాదిగలను చేర్చుకుంటే మేం రామని పైకులాలవారు చెబితే, ఆయన మాదిగల పక్షాన నిలబడ్డారు. ఆ నిర్ణయం మీద కట్టిన సంఘాల్లోనే తర్వాత మాల సంఘం, మాదిగ సంఘం అన్న మాటలు పుట్టాయి. పైకులాల క్రైస్తవులు పెళ్లి సంబంధాలు కులంలోనే చూసుకుంటున్నారు. సమాధుల తోటల్లోనూ గీతలు గీసిన ఊళ్లున్నాయి. హైదరాబాదు ఆర్చిబిషప్ పూల ఆంథోనీ 2022 ఆగస్టులో కార్డినల్ అయ్యేదాకా దేశంలో ఒక్క దళితుడూ ఆ స్థానానికి చేరలేదు. మాలో కులం లేదని పులిపీఠం మీద నుంచి చెబుతూ, మాకు కులబాధ ఉందని ఢిల్లీకి అర్జీ పెట్టుకుంటే ఆ మాటకు విలువుండదు. ఉందని ఒప్పుకోవాలి, అది పాపమని చెప్పాలి, సంఘ కమిటీల్లో, మిషన్ బడుల నియామకాల్లో, పెళ్లిళ్లలో దాన్ని తెంచాలి. అప్పుడు మన అర్జీయే మన సాక్ష్యమవుతుంది.

సమయం దగ్గరపడింది. కులగణనతో కూడిన జనాభా లెక్కలకు 2027 మార్చి 1ని ప్రామాణిక తేదీగా ప్రభుత్వం ప్రకటించింది. లెక్కల మనిషి మన గుమ్మం ఎక్కి మతమూ కులమూ అడుగుతాడు. 1948 నాటి జనగణన చట్టంలోని 15వ సెక్షను ప్రకారం మీరిచ్చిన జవాబును ఎవరూ తనిఖీ చేయడానికి వీల్లేదు, ఆ చట్టం కిందే పెట్టిన కేసులో తప్ప ఏ కోర్టులోనూ సాక్ష్యంగా పెట్టడానికి వీల్లేదు. కుల పత్రం కోసం భయపడి అక్కడ అబద్ధం చెప్పాల్సిన పనిలేదు. పాస్టర్లు ఈ సంగతి ప్రతి సంఘంలోనూ చదివి వినిపించండి, పెద్దలు ఇంటింటికీ వెళ్లి చెప్పండి. లెక్కల్లో లేని జనం గురించి ఏ ప్రభుత్వమూ పట్టించుకోదు. ఎంపీలను, ఎమ్మెల్యేలను, వారు ఏ పార్టీవారైనా సరే, మూడో పేరా మీద మీ ఓటు ఎటని నేరుగా అడగండి. విశ్వాసం గురించి నిజం చెప్పినందుకు ఈ దేశంలో ఏ పౌరుడూ మూల్యం చెల్లించకూడదు. ఆ సుంకం రద్దయ్యేదాకా అడుగుదాం. మన సంఘాల్లో కులం గీతలు చెరపడం మాత్రం ఏ పార్లమెంటు కోసమూ ఆగనక్కర్లేదు. ఈ ఆదివారమే మొదలుపెట్టండి.